మిర్చి కోల్డ్ స్టోరేజీకి పందొమ్మిది మంది వారసులు

మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో తెల్లవారడం గోడౌన్ల కప్పుల మీద మొదలవుతుంది. ముందు ఆ పొడవాటి రేకులు తెల్లబడతాయి. తరువాత వాటి వెనక గడ్డి, ఆ తరువాత ఒకే అచ్చులో పోసినట్టుండే ఇళ్ళు. అన్నిటికన్నా ఆఖరున, ఒక ఇంటి గరాజులో, బాలమురళి ముఖం మీద కంప్యూటరు వెలుతురు పడుతుంది. పైన ఇస్త్రీ చొక్కా, కోటు, టై. కింద ట్రాక్ ప్యాంటు, హవాయి చెప్పులు. కెమెరాకు కనబడే సగం మెల్‌బోర్న్, కనబడని సగం చిలకలూరిపేట.

ఇక్కడ మంగళవారం ఉదయం అయితే కొలంబియా రాజధాని బొగొటాలో ఇంకా సోమవారం సాయంత్రమే. అంటే బాలమురళి రోజూ రేపటిలో కూర్చుని నిన్నటిలో ఉన్నవాళ్ళతో మాట్లాడేవాడు. రేపు ఎలా ఉంటుందని వాళ్ళు అడిగితే బ్రహ్మాండంగా ఉంటుందని చెప్పేవాడు. ఆ రేపటికి ఉన్న ఒకే ఒక్క కిటికీలోంచి కనబడేది మాత్రం రోడ్డవతల పెద్ద ఫ్రీజర్ గోడౌను, దాని ముందు ఆవిరి కక్కుతూ నిలబడిన లారీలు.

నగరంలో ఎలిజబెత్ స్ట్రీట్‌లో, మందుల షాపు పైన మూడో అంతస్తులో ఒక ప్రైవేటు కాలేజీ ఉంది. దానికి విదేశీ విద్యార్థులను తెచ్చిపెట్టడం అతని ఉద్యోగం. పదేళ్ళపాటు ఆంధ్రా, తెలంగాణ పిల్లలనే తెచ్చాడు. తరువాత వీసాలు బిగుసుకున్నాయి. ఒక ఏడాది బెజవాడ నుంచి వెళ్ళిన దరఖాస్తులు గోడకు కొట్టిన బంతుల్లా తిరిగొచ్చాయి. కాలేజీ డైరెక్టరు మీటింగు పెట్టి, గోడ మీద ప్రపంచపటం వేసి, ఇక కొత్త దేశాలు చూసుకోవాలన్నాడు. దక్షిణ అమెరికా ఎవరు తీసుకుంటారని అడిగాడు. ఎవరూ పలకలేదు. బాలమురళి అందరికన్నా ఆలస్యంగా వచ్చాడు కనుక, మిగిలిన ఒక్క కుర్చీలో, సరిగ్గా ఆ ఖండం కింద కూర్చుని ఉన్నాడు.

అతనికి స్పానిష్ రాదు. వచ్చిన విద్య ఒక్కటే, అది బెజవాడ విద్య. ఇంటర్ చదివిన హాస్టల్లో తెల్లవారుజామున ఐదున్నరకు స్టడీ అవర్ ఉండేది. నూటఇరవై మంది చెవులు మూసుకుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ జవాబులు బట్టీ పట్టేవారు. ప్రశ్న అర్థం కాకపోయినా జవాబు రావచ్చని, జవాబు వస్తే ప్రశ్న దానంతటదే దారికొస్తుందని అక్కడ నేర్పారు. ఆ నమ్మకమే అతన్ని రెండు వేల ఎనిమిదిలో ఆస్ట్రేలియాకు తెచ్చింది.

ఆ ఏడాది బెంజ్ సర్కిల్ దగ్గర కన్సల్టెన్సీ నడిపే శేషగిరి గారు అతనికి ఒక పేజీ ఇచ్చి కంఠతా పట్టమన్నారు. చదువయ్యాక ఏం చేస్తావని వీసా ఆఫీసు అడిగే ప్రశ్నకు అది జవాబు. 'నా తండ్రిగారికి ఎండుమిర్చి కోల్డ్ స్టోరేజీ కలదు. నేను ఆస్ట్రేలియాలో చదువు ముగించి, స్వదేశానికి తిరిగి వచ్చి, దానిని ఆధునీకరించెదను.' బాలమురళి తండ్రి ఆర్టీసీలో కండక్టరు. ఆయన బతుకులో చల్లగా ఉన్నది కిటికీ పక్క సీటొక్కటే, అది కూడా ఎప్పుడూ ఎవరో ఒక ముసలామెకు ఇచ్చేసేవాడు. పైగా బాలమురళి చేరింది వంటల డిప్లొమాలో. వంటకూ కోల్డ్ స్టోరేజీకీ పొత్తేమిటని ఎవరూ అడగలేదు. వీసా వచ్చింది. పెట్రోలు బంకులో చేశాడు, ఆఫీసులు ఊడ్చాడు, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చింది, పౌరసత్వం వచ్చింది, నీలిమతో పెళ్ళయింది, లిఖిత పుట్టింది. ఉప్మా తప్ప మరొకటి వండింది లేదు.

ఆ పేజీ మాత్రం అతని కంప్యూటర్లో భద్రంగా ఉంది. పదేళ్ళలో ఎంతోమందికి ఇచ్చాడు. ఎక్కువమంది గుంటూరు వైపు పిల్లలే కనుక ఎక్కడా ఎబ్బెట్టుగా కనబడలేదు. కొలంబియాకూ అదే పంపాడు. బొగొటాలో పిల్లలను పోగుచేసే అంద్రెస్ అనే ఏజెంటుకు, పేరూ ఊరూ మార్చి మిగతాది ఉన్నదున్నట్టు కంఠతా పట్టించమని చెప్పాడు. వారానికి రెండు రోజులు జూమ్‌లో స్టడీ అవర్ కూడా పెట్టాడు. పందొమ్మిది చతురస్రాల్లో పందొమ్మిది మంది కళ్ళు మూసుకుని, ఎవరి మైకు వాళ్ళు ఆపుకుని, పెదాలు కదిపేవారు. నిశ్శబ్దంలో ఆ పెదాలు చేపల్లా ఆడుతుంటే బాలమురళికి తృప్తిగా ఉండేది. వాళ్ళలో ఒకడు పోలీసు కొడుకు. ఒకమ్మాయి తల్లి సముద్రం ఒడ్డున క్షౌరశాల నడుపుతుంది. అందరి తండ్రులకూ ఎండుమిర్చి కోల్డ్ స్టోరేజీలు వెలిశాయి. ఆ దేశంలో మనలా కారం తినరు. అంద్రెస్‌కు ఆ అనుమానం వచ్చింది గానీ, ఆస్ట్రేలియా ప్రభుత్వానికి మిర్చి అంటే ప్రీతి కాబోలనుకున్నాడు.

ఆ పందొమ్మిదిలో ఒక్కతే ఎదురు ప్రశ్న వేసింది. పేరు యామిలె. ముప్ఫై దాటింది, అందరికన్నా పెద్దది. బొయాకా అనే కొండ జిల్లాలో ప్రభుత్వ బడి పంతులమ్మ. ఒకే గది, ఐదు తరగతులు, పద్నాలుగు మంది పిల్లలు. ఏడాది ఇంగ్లీషు కోర్సుకు ఆమెకు బడి నుంచి సెలవిచ్చారు. ఆ సెలవు ఉద్యోగకాలంలో ఒక్కసారే దొరుకుతుంది. వాడుకోకపోతే పోతుంది.

మొదటిరోజు ఆమె తను సొంతంగా రాసుకున్న రెండు పేజీలు పంపింది. స్పానిష్‌లో ఉందని బాలమురళి తెరిచి మూసేశాడు.

"మీ నాన్నగారేం చేస్తారు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"బంగాళాదుంపలు, ప్రొఫె." ప్రొఫె అంటే వాళ్ళ వైపు మాస్టారు. జీవితంలో అతన్ని మాస్టారూ అన్నది ఆమే మొదలు. ఆ మాటకు కోటు సర్దుకున్నాడు.

"మరి వాటికైనా కోల్డ్ స్టోరేజీ ఉండాలి కదా."

"మా ఊరే చల్లన, ప్రొఫె. వంటింట్లో మూల పోస్తే చాలు."

"సరే. తిరిగి వెళ్ళి ఏం చేస్తానని రాశారు?"

"మా బడికే వెళ్తానని."

"అది తీసెయ్యండి."

"ఎందుకు? అది నిజమే."

"నిజంగా తిరిగి వెళ్ళేవాళ్ళు అలా రాయరమ్మా. ఆస్తి ఉందని రాస్తారు. ఆస్తి ఉంటే మనిషి వెనక్కి వస్తాడని ఆఫీసరు నమ్ముతాడు. బడి ఉందంటే ఎందుకు నమ్ముతాడు?"

యామిలె, నమ్మించడానికి కాదు, ఊరికే చెప్పినట్టు చెప్పింది. బొగొటా నుంచి ఇంగ్లీషు పుస్తకాలు వస్తాయి. అందులో 'విని జవాబు రాయండి' అని పాఠాలుంటాయి. వినడానికి సీడీ కూడా వచ్చింది, దాన్ని పాడించే యంత్రం రాలేదు. అందుకని ఆమే పాఠం చివర చిన్న అక్షరాల్లో ఉన్న సంభాషణ చూసి, మగ గొంతూ ఆడ గొంతూ తనే పెట్టి చదువుతుంది. తను తప్పు పలికితే పద్నాలుగు మందీ ఆ తప్పును ఎంతో జాగ్రత్తగా పలుకుతారు. తనకు నేర్పినామె కూడా ఇంగ్లీషు ఎన్నడూ వినలేదు. బడి చివరి ఏడాది దేశమంతటికీ ఒకే పరీక్ష, రాజధాని పిల్లలకూ కొండ పిల్లలకూ ఒకే ఇంగ్లీషు పేపరు.

"మంచిది, చాలా మంచిది," అన్నాడు బాలమురళి. "కానీ రాయకండి."

ఆమె పంతులమ్మ. మాస్టారు చెప్పాక కాదనలేదు. కోల్డ్ స్టోరేజీని అందరికన్నా బాగా కంఠతా పట్టింది కూడా ఆమే, కామాల దగ్గర ఆగుతూ, ఫుల్‌స్టాపు దగ్గర ఊపిరి తీసుకుంటూ.

ఏడు వారాల తరువాత ఒక ఉదయం అంద్రెస్ ఫోన్ చేశాడు.

"బాలా, మై ఫ్రెండ్. పందొమ్మిది మందికీ ఒకే రోజు ఉత్తరాలు వచ్చాయి."

"చూశావా, స్టడీ అవర్ మహిమ."

"వీసాలు కాదు. కోల్డ్ స్టోరేజీల ఫోటోలు పంపమంటున్నారు."

ఉత్తరం మర్యాదగానే ఉంది. మీ జవాబు మరి పద్దెనిమిది మంది జవాబులతో అక్షరం పొల్లుపోకుండా కలుస్తోంది. ఈ వ్యాపారం ఎక్కడుందో, ఎవరిదో ఆధారాలు చూపండి. ఇరవై ఎనిమిది రోజుల్లో సంజాయిషీ ఇవ్వండి. తప్పుడు సమాచారమని తేలితే మూడేళ్ళపాటు మళ్ళీ వీసా ఇవ్వకపోవచ్చు. మూడేళ్ళంటే పద్దెనిమిది మందికి పెద్ద బాధేం కాదు. అంద్రెస్ అప్పటికే వాళ్ళకు ఇంగ్లీషు కోర్సులు దొరికే మాల్టా ద్వీపం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. యామిలెకు మాత్రం మూడేళ్ళంటే సెలవు పోవడమే. ఆమెకిక రెండో సెలవు లేదు.

ఆ సాయంత్రమే ఆమె మెసేజ్ వచ్చింది. నింద లేదు, ఏడుపు లేదు. బళ్ళో లెక్క తేలనప్పుడు పిల్ల అడిగినట్టు ఒక్క ప్రశ్న.

'ప్రొఫె, ఆ కోల్డ్ స్టోరేజీ ఎవరిది? వాళ్ళు అడుగుతున్నారు. నేను చెప్పాలి.'

బాలమురళి దాన్ని నాలుగుసార్లు చదివాడు. పదహారేళ్ళుగా ఆ పేజీ తన దగ్గరుంది. ఈ ప్రశ్న అతనికెప్పుడూ తోచలేదు.

శేషగిరి గారు ఇప్పుడు పక్క సబర్బులోనే కొడుకు దగ్గర ఉంటున్నారు. శనివారం మధ్యాహ్నం బాలమురళి వెళ్ళేసరికి పెరట్లో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని గోంగూర కోస్తున్నారు. తలకు మంకీ క్యాపు, కాళ్ళకు మనవడి ఫుట్‌బాల్ బూట్లు.

"శేషగిరి గారూ, ఆ మిర్చి కోల్డ్ స్టోరేజీ ఎవరిదండీ?"

"ఏ కోల్డ్ స్టోరేజీరా?"

"నా వీసా ఫైల్లో రాయించారు కదా."

"ఓ, అదా. నీ ఒక్కడికేంటి, రెండొందల మందికిచ్చా. ఒక్కడికి రిజెక్ట్ కాలా."

"అసలు ఉందా అది?"

"గుంటూర్లో కోల్డ్ స్టోరేజీ లేకుండా ఎట్టా ఉంటదిరా? ఊరి చుట్టూ అయ్యేగా."

"అందులో మనది ఏదండీ?"

ఆయన కోత ఆపి అతన్ని ఎగాదిగా చూశారు, వీడికి ఒంట్లో బాగాలేదేమోనన్నట్టు. "మనదేందిరా? నాకు అమీర్‌పేట నుంచి ఫ్లాపీలో వచ్చింది. వాళ్ళది పసుపు గోడౌను, నిజామాబాదులో. నేనే కూర్చుని మిర్చికి మార్చా. మన వైపు వాళ్ళకి మన సరుకుండాలిగా. అదీ పనంటే. నువ్వేం చేశావు? ఉన్నదున్నట్టు పంపావు. కొలంబియా అన్నాక కాఫీ అని మార్చొద్దంట్రా?"

"తట్టలేదండీ."

"తట్టకే గదా ఇక్కడున్నావు." ఆయన మళ్ళీ గోంగూర మీద పడ్డారు.

"రెండొందల మందిలో ఎవరన్నా వెనక్కి వెళ్ళారా, కోల్డ్ స్టోరేజీ చూసుకోటానికి?"

"వెళ్తానే ఉంటారుగా, పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ. ఒక్క బస్తా మిర్చి పెట్టినోణ్ణి మాత్రం నేను చూళ్ళా." ఒక కవరు నిండా ఆకు కుక్కి చేతికిచ్చారు. "నీలిమకియ్యి. పచ్చడి చేసి నాకూ పంపమను."

ఇంటికొస్తూ బాలమురళి ఆ గోడౌను గురించే ఆలోచించాడు. పసుపు రంగులో పుట్టి, ఎర్రబడి, రెండొందల మంది భుజాల మీద సముద్రం దాటింది. ఇప్పుడు మరో సముద్రం దాటి, చలి కొండ మీద ఒక పంతులమ్మ గుమ్మం ముందు దిగబడింది. గోడలు లేవు, తలుపు లేదు. లోపల చల్లదనం మాత్రం తగులుతోంది.

నీలిమ రక్త పరీక్షల సెంటరులో రక్తం తీసే పని చేస్తుంది. ఎంత కావాలో అంతే తీసి సూది లాగెయ్యడం ఆమెకు అలవాటు, మాటల్లో కూడా.

"ఏం రాస్తారంట?" అంది గోంగూర వలుస్తూ.

"నిజం రాద్దామనుకుంటున్నా."

"ఎంత నిజమండీ?"

బాలమురళి కింద పడిన ఆకు ఏరి గిన్నెలో వేశాడు.

"ఆ అమ్మాయి కాపీ కొట్టలా, మోడల్ మీరిచ్చారు, అక్కడితో ఆపండి. చాలు."

"ఆ మోడల్ ఎక్కడిదని అడిగితే?"

"అడిగినప్పుడు చూద్దాం."

"ఆల్రెడీ అడిగారు నీలిమా. ఎవరిదని. నాది అని చెప్పకపోతే అది ఆ పిల్లదే అయి కూర్చుంటుంది."

"మీది అంటే? టూ థౌజండ్ ఎయిట్ ఫైలు తీసి చూస్తారు, మామయ్యగారు బస్సు కండక్టరని తేలుతుంది. అప్పుడు మనమేం చెప్తాం? పాస్‌పోర్ట్ ఉంది, ఇల్లుంది, పిల్ల ఇయర్ సిక్స్‌లో ఉంది. పదహారేళ్ళ తర్వాత మీకు ఇప్పుడు నిజాయితీ గుర్తొచ్చిందా?"

"ఇప్పుడే అడిగారు మరి."

"అడిగేవాళ్ళుంటే చాలు, అన్నీ చెప్పేస్తారా? నేను పెళ్ళిచూపుల్లో అడిగా, వంట వచ్చా అని. డిప్లొమా చూపించారు."

భోజనాల బల్ల మీద హోంవర్క్ చేసుకుంటున్న లిఖిత పకపకా నవ్వింది. ఆ పిల్ల తెలుగులో నవ్వుతుంది, ఇంగ్లీషులో మాట్లాడుతుంది. బళ్ళో నాలుగేళ్ళుగా స్పానిష్ చదువుతోంది, ఆ సంగతి తండ్రికి ఇప్పుడు తట్టింది. యామిలె మొదటిరోజు పంపిన రెండు పేజీలు ఫోన్లో తెరిచి కూతురి ముందు పెట్టాడు.

"ఇందులో ఏముందో చెప్పు నాన్నా."

లిఖిత వేలు పెట్టి, ఆగి ఆగి, ఇంగ్లీషు చేసి చదివింది. అందులో ఇలా ఉంది: 'నేను మా పిల్లలకు థాంక్యూ అనే మాట నేర్పుతాను. సరిగా అంటున్నానో లేదో నాకు తెలియదు. ఆలోచించకుండా ఆ మాట అనేవాళ్ళ నోట ఒక్కసారి వినాలని ఉంది. విన్నాక వచ్చేస్తాను. నేను అన్నది సరైనదో కాదో తెలుసుకోవాలని పద్నాలుగు మంది ఎదురుచూస్తుంటారు.'

వంటింట్లో కుళాయి కాసేపు మోగి ఆగింది.

"డాడ్," అంది లిఖిత, "దిస్ ఈజ్ యాక్చువల్లీ గుడ్. అండ్ యు మేడ్ హర్ రైట్ అబౌట్ చిల్లీస్?"

నీలిమ భర్త వైపు చూడలేదు. గోంగూర కాడలు పోగుచేసి చెత్తలో వేస్తూ, "రాసేదేదో స్పెల్లింగులు చూసుకుని రాయండి," అంది.

ఆదివారం ఉదయం బాలమురళి గరాజులో కూర్చున్నాడు. కోటు వేసుకోలేదు. నిజం చెప్పే ఉత్తరానికి ఎక్కడైనా నమూనా దొరుకుతుందేమోనని గంటసేపు ఇంటర్నెట్‌లో వెతికాడు. చాలా ఉన్నాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి. అన్నిటిలోనూ 'మనస్ఫూర్తిగా' అనే మాట మొదటి వాక్యంలోనే ఉంది. మూసేశాడు. ఆ తరువాత, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎవరూ రాసివ్వని నాలుగు పేరాలు తనే రాశాడు. ఆ కోల్డ్ స్టోరేజీ యామిలెది కాదు. ఆమెకు దాన్ని కంఠతా పట్టించింది నేను. రెండు వేల ఎనిమిదిలో నేనూ అదే రాసి ఈ దేశానికి వచ్చాను. అది మా నాన్నది కూడా కాదు, ఆయన బస్సు కండక్టరు. అది ఎవరిదో కనుక్కోవాలని ప్రయత్నించాను, తెలియలేదు. ఆమె మొదట రాసింది దీనితో జతపరుస్తున్నాను, దయచేసి చదవండి. తిరిగి వెళ్తానని నాకు చెప్పినవాళ్ళలో నేను నమ్మింది ఆమె ఒక్కరినే, అందుకే ఆ మాట తీసేయించాను.

ఆఖరి వాక్యం అతనికే వింతగా తోచింది. అలాగే ఉంచాడు. కాలేజీకి ఒక కాపీ, యామిలెకు ఒకటి పంపాడు. యామిలె దాన్ని తన సంజాయిషీతో కలిపి వీసా ఆఫీసుకు పంపింది. మనసు ఆగక బాలమురళి తనే నేరుగా కూడా ఒక ఈమెయిలు పంపాడు. పంపి, అరెస్టు చేయడానికి ఎవరైనా వస్తారన్నట్టు, ఇంట్లోకి వెళ్ళి గడ్డం గీసుకున్నాడు.

రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది. మీ సందేశం అందింది. ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నందువల్ల విడివిడిగా జవాబివ్వలేము. ఈ ఈమెయిలుకు తిరిగి రాయకండి.

పదహారేళ్ళ రహస్యం అలా ఒక యంత్రం చేతిలో పడింది. ఆ తరువాత చాలా నెలలు అతను పోస్టు డబ్బా మూత చప్పుడైతే ఉలిక్కిపడేవాడు. పిజ్జా కాగితాలు వచ్చేవి, గడ్డి కోసేవాళ్ళ కాగితాలు వచ్చేవి.

మనిషి నుంచి వచ్చిన మొదటి స్పందన అంద్రెస్‌ది. మర్నాడు ఉదయమే ఫోన్ చేశాడు, గొంతు నిండా సంబరం.

"బాలా, యామిలె చూపించింది. ఎంత బాగా రాశావు. నేను ఏడ్చాను."

"థాంక్స్ అంద్రెస్."

"అది వర్డ్ ఫైల్లో పంపవా? పేరు దగ్గర ఖాళీ వదులు. మిగతా పద్దెనిమిది మందికీ వాడతాను."

"అందరికీ ఎలా వాడతావు? అందులో బడి ఉంది, పద్నాలుగు మంది పిల్లలున్నారు."

"ఉండనీ. పిల్లలంటే ఎవరికైనా జాలి వేస్తుంది."

బాలమురళికి కళ్ళ ముందు పద్దెనిమిది కొండలు లేచాయి. కొండకో బడి, బడికి పద్నాలుగు మంది. పోలీసు కొడుకు బడి, క్షౌరశాల అమ్మాయి బడి. ఆ రెండొందల యాభై మంది పిల్లలూ ఒకేసారి థాంక్యూ అంటున్నట్టు వినిపించింది. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, ఫైలు మీద వేలు ఆగింది కూడా. పదేళ్ళ వృత్తి అంత తేలిగ్గా వేలిని వదలదు.

"వర్డ్ ఫైలు లేదు," అన్నాడు. "ఎవరి నాన్న ఏం చేస్తాడో వాళ్ళనే రాయమను. నేనిచ్చిన మోడలే తప్పని ఒక్కొక్కళ్ళకీ విడిగా ఉత్తరం ఇస్తాను."

"విడిగానా?" అన్నాడు అంద్రెస్. "అది వాళ్ళకి కష్టం బాలా. అలవాటు లేదు. నువ్వే కదా తప్పించావు."

పద్దెనిమిదిలో ఏడుగురు రాశారు. మిగిలిన పదకొండుమందికి తండ్రి ఏం చేస్తాడో రాయడం కన్నా మాల్టా వెళ్ళడం సులువనిపించింది.

యామిలెకు వీసా ఇరవై ఆరు రోజుల తరువాత వచ్చింది. ఎందుకిచ్చారో ఉత్తరంలో లేదు. కాదన్నప్పుడు మూడు పేజీలు రాసేవాళ్ళు ఔనన్నప్పుడు మూడు వాక్యాలతో సరిపెట్టారు. ఆ పక్క వారమే కాలేజీ నుంచి బాలమురళికీ ఒక ఈమెయిలు వచ్చింది. దక్షిణ అమెరికా విభాగాన్ని పునర్వ్యవస్థీకరిస్తున్నామని, ఈ నెలతో అతని కాంట్రాక్టు ముగుస్తుందని, అతని నిబద్ధతకు కృతజ్ఞతలని. విభాగమంటే అతనొక్కడే. దాన్ని ఎలా పునర్వ్యవస్థీకరించారో చూడాలని అతనికి కుతూహలంగా ఉంది.

యామిలె జూన్‌లో దిగింది, మెల్‌బోర్న్ చలి మొదలయ్యాక. చలి ఏమీ లేదంది. కోర్సులో చేరిన రెండు వారాలకు ఒక ఆదివారం నీలిమ ఆమెను భోజనానికి పిలిచింది. పొట్టిగా, బుగ్గలు ఎర్రగా, ఊలు శాలువా కప్పుకుని వచ్చింది. గోంగూర పచ్చడి కలిపిన మొదటి ముద్దకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంచినీళ్ళు తాగి, "ఇదేనా ప్రొఫె, మా నాన్నగారి వ్యాపారం?" అంది. లిఖిత అన్నం గొంతుకడ్డం పడేలా నవ్వింది.

"క్లాసులు ఎట్లా ఉన్నాయమ్మా?" అంది నీలిమ ఇంగ్లీషులో.

"బాగున్నాయి. క్లాసులో ఇరవై మందిమి. నేపాల్, థాయ్‌లాండ్, బ్రెజిల్. అందరం ఒకరి తప్పులు ఒకరం నేర్చుకుంటున్నాం. టీచరు చాలా మంచిది. పేరు కుసుమ. వాళ్ళ ఊరు నెల్లూరు. మీకు దగ్గరా?"

భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు.

"మరి నువ్వు వినాలనుకున్న మాట?" అన్నాడు బాలమురళి.

"అది బస్సులో దొరికింది, ప్రొఫె." ఆమె ముఖం వెలిగింది. "ఇక్కడ బస్సు దిగేటప్పుడు అందరూ డ్రైవరుకు థాంక్యూ చెప్తారు. తిరిగి చూడకుండా, ఆలోచించకుండా. ముసలివాళ్ళు, బడి పిల్లలు, చెవుల్లో పాటలు పెట్టుకున్నవాళ్ళు కూడా. ఒక్కొక్కరిదీ ఒక్కో రకం. క్లాసయ్యాక నేను చివరి స్టాపు దాకా వెళ్ళి వింటాను. కొన్ని ఫోన్లో రికార్డు చేశాను, పిల్లలకి."

బాలమురళి పదహారేళ్ళుగా ఆ బస్సులెక్కుతున్నాడు, ఆ మాట అంటున్నాడు. ఎప్పుడూ వినలేదు. ముప్ఫై రెండేళ్ళు బస్సులో నిలబడిన తండ్రికి ఆ మాట ఎవరైనా అన్నారో లేదో కూడా అతనికి తెలియదు. పెరుగు వడ్డించుకుని తల వంచుకుని తిన్నాడు.

భోజనాలయ్యాక గరాజు చూస్తానంది యామిలె. అన్ని నెలలు తెరలో చూసిన గది అది. కుర్చీని తాకింది, టై వేలాడే మేకును చూసింది. కిటికీ దగ్గర ఆగింది. రోడ్డవతల గోడౌను ముందు లారీ ఒకటి వెనక్కు వస్తోంది. తలుపు తెరుచుకున్న చోట తెల్లటి ఆవిరి నేల మీద పాకి, ఎండలో కరిగిపోతోంది.

"అదేమిటి ప్రొఫె?"

"కోల్డ్ స్టోరేజీ," అన్నాడు.

ఆమె నవ్వబోయి అతని ముఖం చూసి ఆగింది.

"నిజంగానే. పోయిన నెల నుంచి నేను అందులోనే చేస్తున్నా. మైనస్ ఇరవై. పెద్ద జాకెట్ ఇస్తారు."

"లోపల మిర్చి ఉందా?"

"బంగాళాదుంపలు. చిప్స్ కోసం కోసి గడ్డకట్టించినవి. ట్రక్కులకి ట్రక్కులు."

"ఎవరిది అది?"

బాలమురళి ఆలోచించాడు. జీతం ఒక కంపెనీ ఇస్తుంది, ఆ కంపెనీకి పని ఇంకో కంపెనీ ఇస్తుంది, నేల మరెవరిదో అంటారు. "నాకూ తెలీదమ్మా," అన్నాడు. "కనుక్కోలేదు."

యామిలె సంచిలోంచి ఫోన్ తీసింది.

"ప్రొఫె, కొంచెం ఇటు జరగండి, ఇద్దరూ రావాలి," అంది, అతనూ ఆ గోడౌనూ ఒకే చట్రంలోకి వచ్చేదాకా వెనక్కి నడుస్తూ. "ఆఫీసువాళ్ళు ఫోటో అడిగారు కదా."